స్మూతెనింగ్ అయిన జుట్టుకు లైట్ కలర్ వేస్తే నిలుస్తదా?

పానగల్ పిల్ల | నల్లగొండ

తెలిసినోళ్లు జర చెప్పండి. సంక్రాంతికి ముందు ఇక్కడనే ఒక పార్లర్‌ల స్మూతెనింగ్ చేయించుకున్న. జుట్టు నడుము దాక ఉంటది, పుట్టుకతోనే గట్టి నలుపు. మా తమ్ముని పెండ్లి శ్రావణంల ఉన్నది. అప్పటికి పైన నల్లగనే ఉండి, కిందికి పోయేకొద్ది తేనె రంగు వచ్చేటట్టు చేయించుకోవాలని ఆశ.

ఇంకోటి, కుదుళ్ల దగ్గర కొత్తగ పెరిగింది మళ్ల ఉంగరాలు తిరుగుతున్నది. పెండ్లి ఫొటోలల్ల పైన ఉంగరాలు, కింద సాపు ఉంటే బాగుండదని టచప్ కూడ చేయించుదామనుకుంటున్న. పార్లర్‌ల అడిగితే “రెండూ ఒకటే రోజు చేసేద్దం, ఏం గాదు” అన్నరు. అంత అల్కగ అనేసరికే నాకు అనుమానం పట్టింది. హైదరాబాద్ పోవాల్నా, ఇక్కడనే అయితదా, అసలుకే వద్దా?

మెట్టుగడ్డ బ్యూటీషియన్ | మహబూబ్‌నగర్

రెండూ ఒకటే రోజు అన్నోళ్ల కుర్చీల మళ్ల కూసోకు చెల్లె. అది మొదటి మాట.

ఇప్పుడు నేనడిగేటియి చెప్పు. వాళ్లు పెట్టిన క్రీమ్ ఘాటు వాసన వచ్చిందా? ఒక క్రీమ్ పెట్టి కడిగి, ఇస్త్రీ కొట్టి, మళ్ల ఇంకో క్రీమ్ పెట్టి కడిగిన్రా? లేకుంటే ఒక్కటే పెట్టి, ఆరబెట్టి, దాని మీదనే ఇస్త్రీ కొట్టిన్రా? నీది స్మూతెనింగా, కెరటిన్ ట్రీట్‌మెంటా అన్నది దీంట్లనే తేలుతది. చానమంది కెరటిన్ చేయించుకొని స్మూతెనింగ్ అంటరు, స్మూతెనింగ్ చేయించుకొని కెరటిన్ అంటరు. బిల్లు మీద రాసిన పేరు పట్టుకొని ఏం తెల్వదు.

అంతకంటె ముఖ్యం, ఈ అయిదారేండ్లల్ల మైదాకు, నల్ల మెహందీ, డై ఏదన్న పెట్టినవా? జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతది. నడుము దాక ఉన్నదంటే ఆ కొసలు అయిదారేండ్ల కిందటియి. అప్పుడు ఏం పూసినవో అది ఇంకా ఆడనే ఉన్నది.

గద్వాల జరీ | గద్వాల

అందరు ఊకె భయపెడుతరు. నేను హైదరాబాద్‌ల 40 వాల్యూమ్ డెవలపర్, అంటే బ్లీచ్‌ల కలిపే గట్టి పెరాక్సైడ్ క్రీమ్, పెట్టించుకున్న, ఒక్క సిట్టింగ్‌లనే బంగారం రంగు వచ్చింది. జుట్టు మంచిగనే ఉన్నది. మంచి కంపెనీది వాడితే ఏం గాదు.

వనపర్తి వాసి | వనపర్తి

మీ జుట్టుకు స్ట్రెయిటెనింగ్ అయిందా ఎప్పుడన్న?

గద్వాల జరీ | గద్వాల

లేదన్నా, నాది పుట్టుకతోనే సాపు. డై కూడ ఎప్పుడు పెట్టలే.

వనపర్తి వాసి | వనపర్తి

మరి మీకు ఏం కాలేదని ఆమెకు 40 చెప్తే ఎట్లమ్మా.

పానగల్ పిల్ల | నల్లగొండ

మెట్టుగడ్డ అక్కా, క్రీమ్ మస్తు ఘాటు. రెండు క్రీములు పెట్టిన్రు, నడుమల ఇస్త్రీ. మూడు రోజులు తల తడపొద్దు, జడ వేయొద్దు, చెవుల వెనుకకు కూడ దోపుకోవద్దు అన్నరు.

డిగ్రీల ఉన్నప్పుడు నాలుగు తెల్లెంటికలు కనబడ్డయని మా అమ్మ నల్ల మెహందీ పాకెట్ పెట్టేది. తర్వాత మానేసిన. అది గిప్పటిదాక ఉంటదా? నాకైతే జుట్టంత ఒకటే నలుపు కనబడుతున్నది.

కెమిస్ట్రీ సార్ | మిర్యాలగూడ

రెండు క్రీములు, నడుమ ఇస్త్రీ అంటే థయో పద్ధతి. బోర్డు మీద స్మూతెనింగ్ అని రాసినా, రీబాండింగ్ అని రాసినా మన పార్లర్లలో ఎక్కువగా వాడే మొదటి క్రీమ్‌లో ఉండేది అమ్మోనియం థయోగ్లైకోలేట్. ఆ పార్లర్లో ఏం జరిగిందో, ఇప్పుడు ఏం జరగబోతుందో కొంచెం వివరంగానే రాస్తాను, ఓపిక లేనివాళ్లు దాటేయండి.

వెంట్రుకంటే కెరటిన్ అనే ప్రొటీన్. ఆ పోగులను పక్కపక్కన పట్టి ఉంచేవి డైసల్ఫైడ్ బంధాలు, అంటే రెండు గంధకం పరమాణువుల జోడీలు. జుట్టు ఉంగరాలు తిరగాలా, సాపుగా ఉండాలా అన్నది చాలావరకు ఇవి ఎక్కడెక్కడ పడ్డాయన్న దాన్ని బట్టి ఉంటుంది. మొదటి క్రీమ్ వీటిలో కొన్నిటిని విడదీస్తుంది. ఇస్త్రీతో సాపు చేస్తారు. రెండో క్రీమ్‌లో హైడ్రోజన్ పెరాక్సైడో సోడియం బ్రోమేటో ఉంటుంది, అది విడిపోయిన జోడీలను కొత్త స్థానాల్లో మళ్లీ కలుపుతుంది. అన్నీ కలవవు. ఎంత జాగ్రత్తగా చేసినా కొన్ని ఒంటరిగా మిగిలిపోతాయి. అంటే స్మూతెనింగ్ అయిన జుట్టు చూడటానికి ఎంత నిగనిగలాడినా లోపల ముందున్నంత బలం ఉండదు.

ఇక బ్లీచ్. నల్లటి జుట్టుకు తేనె రంగు రావాలంటే ముందు ఉన్న నలుపును తీయాలి, ఆ పని చేసేది ఇదే. పొడిలో అమ్మోనియం, పొటాషియం పర్సల్ఫేట్లు, డెవలపర్‌లో పెరాక్సైడ్. కలిపితే పీహెచ్ 9 పైకి పోతుంది. ఆ క్షారానికి వెంట్రుక ఉబ్బి పైపొర పెంకులు లేస్తాయి, మందు లోపలికి దిగి జుట్టుకు నలుపునిచ్చే మెలనిన్‌ను విరగ్గొడుతుంది. కానీ మెలనిన్ ఒక్కదాన్నే చూసుకొని కొట్టే తెలివి దానికి లేదు. దారిలో తగిలిన డైసల్ఫైడ్ బంధాలను కూడా ఆక్సీకరించి సిస్టైక్ ఆమ్లంగా మార్చేస్తుంది. థయో విడదీసిన జోడీని మళ్లీ కలపొచ్చు. సిస్టైక్ ఆమ్లం అయిన దాన్ని ఏ క్రీమూ వెనక్కి తేలేదు. ఒకే జుట్టు మీద ఒకే రోజు ఈ రెండూ ఎందుకు కూడదో ఇప్పుడు మీకే అర్థమవుతుంది.

విదేశీ వీడియోలు చూసేవాళ్లకు ఒక మాట. అక్కడ ‘రిలాక్సర్’ అని చూపించేది చాలాసార్లు సోడియం హైడ్రాక్సైడ్ రకం, పీహెచ్ 12 నుంచి 14. దాని పద్ధతి పూర్తిగా వేరు, దానికీ థయోకూ పడదు. ఒకటి చేసిన జుట్టు మీద ఇంకోటి వేస్తే చేతికి ఊడి వస్తుంది. ఆ వీడియోల్లో చెప్పే గడువులు మన స్మూతెనింగ్‌కు వర్తించవు, మనవి వాటికి వర్తించవు.

జడల పెద్దమ్మ | నార్కట్‌పల్లి

చెరువుగట్టు జడల రామలింగేశ్వరుని పక్కన ఉండేదాన్ని, జడ గురించి మాట్లాడకుంటే ఎట్ల. బిడ్డా, నల్లటి జుట్టు కోసం లోకం డైలు పూసుకుంటున్నది, నువ్వు ఉన్న నలుపును తీసేస్తనంటవు. పెండ్లినాడు జడకు పూలు పెట్టుకుంటవు గద, కొసలకు జడకుప్పెలు వేస్తవు. తేనె రంగు ఎవలకు కనబడుతది?

పానగల్ పిల్ల | నల్లగొండ

పెద్దమ్మా, పెండ్లినాడు పూలజడే. రిసెప్షన్‌కు మాత్రం జుట్టు ఇడిచిపెడుత 😄

హాలియా హీరో | హాలియా

పార్లర్‌కు వేలకు వేలు ఎందుకు? మెడికల్ షాపుల హైడ్రోజన్ పెరాక్సైడ్ సీసా దొరుకుతది, సస్త. మా దోస్తులు దాన్నే పూసుకొని ఎండల కూసుంటరు. రాగి రంగు వస్తది.

మందుల షాపు | సూర్యాపేట

మీ దోస్తులసొంటోళ్లు మా కౌంటర్ దగ్గరికి వస్తనే ఉంటరు. మా దగ్గర దొరికేది 6 శాతం, అంటే 20 వాల్యూమ్. పార్లర్ డెవలపర్‌ల 20 వాల్యూమ్ కూడ గదే 6 శాతం. శాతం ఒకటే గని సరుకు ఒకటి గాదు. డెవలపర్ క్రీమ్ లెక్క చిక్కగ ఉండి పెట్టిన చోటనే ఉంటది. సీసాలది నీళ్లు, నెత్తి మీదికి, మెడ మీదికి, కండ్లల్లకు కారుతది. ఎక్కడ ఎంత పడ్డదో తెల్వదు, జుట్టు పాయలు పాయలుగ మచ్చలు పడుతది. స్మూతెనింగ్ అయిన జుట్టుకు అసలే వద్దు.

ముఖానికి వాడే బ్లీచ్ పాకెట్లు జుట్టుకు పెట్టొచ్చా అని కూడ అడుగుతరు. అది ముఖం మీది నూగుకు చేసింది, నడుము దాక ఉన్న జుట్టుకు గాదు. ఇంకొక ఆయన అయితే మున్సిపాలిటోళ్లు మోరీల పొంటి చల్లే బ్లీచింగ్ పౌడర్ పనికొస్తదా అన్నడు. అది క్యాల్షియం హైపోక్లోరైట్. నెత్తి కాలుతది, ఆ పొగకు ఊపిరి ఆడదు. నవ్వులాటకు కూడ ముట్టుకోవద్దు.

ఒకటి అందరికి చెప్తున్న. దమ్ము, ఆయాసం ఉన్నోళ్లు పార్లర్‌ల బ్లీచ్ పొడి కలిపేటప్పుడు దూరంగ కూసోండి. పర్సల్ఫేట్ దుమ్ముకు కొందరికి ఆయాసం లేస్తది, కొందరికి దద్దుర్లు వస్తయి. కలర్ ఏదన్న గాని 48 గంటల ముందు చెవి వెనుక చుక్క పెట్టి చూసుకోవాలె. నల్ల మెహందీ, నల్ల డైలల్ల చానవాటిల పీపీడీ అనే రంగు రసాయనం ఉంటది, అది ఒకసారి ఒంటికి పడకుంటే తర్వాత ప్రతిసారి రియాక్షన్ ఇంకా గట్టిగ వస్తది.

వనపర్తి వాసి | వనపర్తి

చెల్లెమ్మా, తేనె రంగు అనేముందు మెట్ల లెక్క తెలుసుకో. సెలూన్లల్ల నలుపును 1, బాగా లేత పసుపును 10 అంటరు. మన జుట్టు 1, 2 మధ్యల ఉంటది. నువ్వు చూసిన తేనె రంగు ఫొటో 7 గాని 8 గాని అయ్యుంటది. నలుపు నుంచి లేపుకుంట పోతుంటే మొదట ఎరుపు, తర్వాత నారింజ, తర్వాత పసుపు బయటపడుతయి. నడుమల ఏ మెట్టు కాడ ఆపినా ఆ కింది రంగు కనబడుతది, దాన్ని టోనర్‌తోని అణుస్తరు. నారింజకు నీలం, పసుపుకు ఊదా.

స్మూతెనింగ్ అయిన జుట్టును ఒక్కసారిల 8కి గుంజుతనన్నోడు నీ జుట్టు గురించి ఆలోచిస్తలేడు. 4, 5 దాక, అంటే ఎండల రాగి మెరుపు కొట్టే గోధుమ రంగు, అది సాధ్యం. నల్లటి జుట్టు పక్కన 5 కూడ మంచిగ తేలుతది. తెల్లటోళ్ల ఫొటోల పక్కన పెట్టుకొని చూస్తేనే తక్కువనిపిస్తది.

ఇంకోటి, బ్లీచ్ వద్దు, లైట్ బ్రౌన్ కలర్ డబ్బా తెచ్చి పూస్త అనుకుంటవేమో. పుట్టుక జుట్టు మీద అయితే కలర్ ఒకటి రెండు మెట్లు లేపుతది. డై ఉన్నకాడ కలర్ మీద కలర్ వేస్తే లేవదు. కుదుళ్లు ఎర్రగ, కొసలు నల్లగ, ఉల్టా అయితది.

కల్వకుర్తి కోడలు | కల్వకుర్తి

నడుమల వస్తున్నందుకు ఏమనుకోవద్దు. నాది కెరటిన్. ఒక్కటే క్రీమ్, దాని మీదనే ఇస్త్రీ, గదంత పొగ. నాక్కూడ ఇదే లెక్కనా?

కెమిస్ట్రీ సార్ | మిర్యాలగూడ

లెక్క కొంచెం వేరమ్మా. కెరటిన్ ట్రీట్‌మెంట్లు చాలావరకు బంధాలు తెంచి కలిపేవి కావు. 230 డిగ్రీల దాకా వేడి ఇస్త్రీతో ఒక పూతను వెంట్రుకకు అతికిస్తాయి. కొన్ని నెలల్లో అది వెళ్లిపోతుంది. దాని మీద బ్లీచ్ పెడితే జుట్టు తెగే భయం థయో కంటే తక్కువ, కానీ పెట్టిన డబ్బులు పోతాయి, పూత ముందే లేచిపోతుంది. అంత వేడి తగిలిన జుట్టు కూడా కొత్త జుట్టు కాదని మర్చిపోవద్దు.

నాకు భయం రంగు గురించి కాదు, మీరు రాసిన ఆ పొగ గురించి. పాత రకాల్లో వేడికి ఫార్మాల్డిహైడ్ వెలువడుతుంది. క్యాన్సర్ పరిశోధనకు ఉన్న అంతర్జాతీయ సంస్థ ఐఏఆర్‌సీ దాన్ని మనిషికి క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో పెట్టింది. ‘ఫార్మాల్డిహైడ్ లేదు’ అని అమ్మేవాటిలో చాలావాటికి ఆధారం గ్లైఆక్సిలిక్ ఆమ్లం. 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో 26 ఏళ్ల ఒక అమ్మాయి గురించి వచ్చింది. స్ట్రెయిటెనింగ్ చేయించుకున్న మూడుసార్లూ ఆమె కిడ్నీ దెబ్బతింది. ఆ క్రీమ్‌లో గ్లైఆక్సిలిక్ ఆమ్లం ఉంది. చర్మం గుండా లోపలికి పోయి ఆక్సలేట్‌గా మారి కిడ్నీలో స్ఫటికాలు కడుతుందని ఎలుకల మీద చేసి చూపించారు. చేయించుకున్న తర్వాత వాంతులు, నడుము నొప్పి, మూత్రం తగ్గడం ఉంటే పార్లర్‌కు ఫోన్ చేయడం కాదు, డాక్టర్ దగ్గరికి పోవాలి. గ్లైఆక్సిలిక్ రకం వేసినప్పుడు జుట్టు మీదున్న డై ఒక మెట్టు లేతపడటం కూడా మామూలే, అది చూసి జుట్టు పాడైందనుకోవద్దు.

మెట్టుగడ్డ బ్యూటీషియన్ | మహబూబ్‌నగర్

సార్ మంచిగ చెప్పిండు. పార్లర్ నడిపేదాన్ని, పొగ మేమే ఎక్కువ పీలుస్తం. కిటికీ లేని గదిల కెరటిన్ చేసుడు నేనైతే బంద్ పెట్టిన.

పానగల్ చెల్లె, నీ సంగతికొద్దాం. నల్ల మెహందీ అన్నవు గద, పాకెట్ల ఏముండెనో ఇప్పుడు ఎవ్వరు చెప్పలేరు. ఒట్టి మైదాకు అయితే బ్లీచ్‌కు నారింజ రంగుల ఆగి మొండికేస్తది. నీలిమందు ఆకు కలిసి ఉంటే పచ్చగ తిరగొచ్చు. పీపీడీ డై అయితే ఎర్రగ మచ్చలు పడుతది. అన్నిటికంటె చెడ్డది లోహపు ఉప్పులున్నది. అది పెరాక్సైడ్ తగిలితే వేడెక్కి పొగ లేస్తది, నెత్తి మీదనే కాలుతది. అందుకని నీ జుట్టును నీ జుట్టుతోనే అడగాలె.

మెడ వెనుక, లోపలి పొర నుంచి సన్నటి పాయ ఒకటి కుదుళ్ల దాక కత్తిరించుకో. కనబడదులే. కుదుళ్ల దిక్కు ఎర్రదారం కట్టు, ఏది కొనో ఏది మొదలో మర్చిపోవద్దు. ప్లాస్టిక్ గిన్నెల గాని గాజు గిన్నెల గాని, స్టీలు వద్దు, ఒక వంతు బ్లీచ్ పొడి, రెండు వంతుల 20 వాల్యూమ్ డెవలపర్ కలుపు. చేతికి గ్లౌజులు. పాయను దాంట్ల ముంచి పక్కన పెట్టి చూడు. గిన్నె వేడైనా, బుడగలు పొంగినా, పొగ లేచినా అక్కడికే కథ అయిపోయింది, ఆ జుట్టు మీద ఎన్నటికి బ్లీచ్ పెట్టొద్దు. ఏం కాకుంటే అయిదు నిమిషాలకోసారి తుడిచి రంగు చూసుకుంట అర గంట దాక ఉంచు, అంతకు మించొద్దు. ఫ్యాను కింద పెట్టకు, ఎండిపోతే మందు పని ఆగిపోతది. ఈ ఎండలకు వంటింట్ల పెట్టినా తొందరగ లేస్తది, గడియారం మీద ఒక కన్నుండాలె.

కడిగి ఆరబెట్టు. తెల్లారి మళ్ల తడిపి, ఒక్కొక్క ఎంటిక రెండు వేళ్లతోని మెల్లగ గుంజు. సాగి మళ్ల ఎనుకకు పోతే మంచిది. సాగి సాగినట్టే ఉండిపోతే, లేకుంటే తడి సేమియా లెక్క మెత్తబడితే, ఆ భాగానికి బ్లీచ్ పడదు. సాగకుండ పుటుక్కున తెగితే అది కూడ మంచిది గాదు. మొదలు, నడుమ, కొస మూడు చోట్ల చూడు.

జడల పెద్దమ్మ | నార్కట్‌పల్లి

ఏ నీళ్లతోని కడుగుతవు బిడ్డా? మా దిక్కు బోరు నీళ్లల్ల తలస్నానం చేస్తే జుట్టు చీపురు అయితది. ఫ్లోరైడ్ నీళ్లాయె.

కెమిస్ట్రీ సార్ | మిర్యాలగూడ

పెద్దమ్మా, ఫ్లోరైడ్ మన జిల్లా పళ్లనూ ఎముకలనూ తిన్నది నిజమే, తాగితే వచ్చే కష్టం అది. జుట్టును చీపురు చేసేది ఆ నీళ్లలోనే ఉన్న క్యాల్షియం, మెగ్నీషియం. అవి వెంట్రుక మీద పేరుకుంటాయి. బ్లీచ్‌కు ఇంకా పెద్ద శత్రువులు రాగి, ఇనుము. ఏళ్ల తరబడి బోరు నీళ్లు, పాత పైపుల నీళ్లు తగిలిన జుట్టులో ఇవి కొంచెం కొంచెం చేరతాయి. పెరాక్సైడ్ తగిలితే ఆ చోట చర్య అదుపు తప్పి వెంట్రుక ఎక్కువ దెబ్బతింటుంది. బ్లీచ్‌కు కొన్ని రోజుల ముందు ఈ లోహాలను పట్టి తీసేసే ఈడీటీఏ ఉన్న షాంపూతో, చీలేటింగ్ అని రాసి ఉంటుంది, ఒకసారి కడిగితే చాలావరకు పోతుంది. ఇంట్లో భగీరథ నల్లా ఉంటే తలకు ఆ కృష్ణా నీళ్లే వాడండి.

పానగల్ పిల్ల | నల్లగొండ

మా ఇంట్ల తాగనీకి నల్లా నీళ్లు, స్నానాలకు బోరు. ఇక తలకు కూడ నల్లా నీళ్లే పట్టి పెట్టుకుంట. టెస్ట్ చేసి చెప్త.

పానగల్ పిల్ల | నల్లగొండ

చేసిన అక్కా. వేడి గాలే, పొగ రాలే. కొత్తగ పెరిగిన నాలుగైదు సెంటీమీటర్లు మంచిగ లేచి రాగి రంగు వచ్చింది, గుంజితే ఎనుకకు పోతున్నది. దాని కింద వీపు నడుమ దాక గోధుమ ఎరుపు, గుంజితే సాగుతున్నది, ఎనుకకు పోతున్నది గని జర ఆలస్యంగ. కొసకు ఒక జానెడు మాత్రం ఘోరం. రంగు ఎర్రగ మచ్చలు మచ్చలు, తడిపితే మెత్తగ జిగట, గుంజితే అట్లనే ఉండిపోయింది. ఆరినంక ముట్టుకుంటే విరుగుతున్నది. నేను తేనె రంగు వేయించుదామనుకున్నదే ఆ జానెడు.

వనపర్తి వాసి | వనపర్తి

పార్లర్‌ల అదే రోజు చేయించుంటే గా జానెడు నీ జడల ఉండేది గాదు, వాళ్ల చీపురు కింద ఉండేది.

గద్వాల జరీ | గద్వాల

మరి ఒలాప్లెక్స్ లాంటి జుట్టు తెగకుండ కాపాడే మందులు కలిపి పెడితే? మా సెలూన్‌ల బ్లీచ్‌లనే కలిపిన్రు.

మెట్టుగడ్డ బ్యూటీషియన్ | మహబూబ్‌నగర్

కలిపితే జుట్టు తెగుడు తగ్గుతది, నేను కూడ కలుపుత. గని అది పెడితే ఏమైనా చేయొచ్చు అనే ధైర్యం వచ్చేస్తది చూడు, దాంతోనే ఎక్కువ జుట్లు పోతున్నయి. నడుమ భాగానికి అది పనికొస్తది. ఆ జానెడుకు ఏది కలిపినా లాభం లేదు.

కెమిస్ట్రీ సార్ | మిర్యాలగూడ

ఇక్కడ మీతో సగమే ఏకీభవిస్తాను. ఒలాప్లెక్స్‌లో ఉన్న పదార్థం మేలియేట్ రకం, 2014లో బజారుకు వచ్చింది. విడిపోయిన గంధకం కొసలను కలుపుతుందని కంపెనీ చెబుతుంది. కలుపుతుందనే ఒప్పుకుందాం. సిస్టైక్ ఆమ్లం అయినవాటిని అది కూడా కలపలేదు. కాబట్టి బ్లీచ్ అయ్యాక మరమ్మతుకు పెట్టేదానికంటే, బ్లీచ్ టైమూ వాల్యూమూ తగ్గించడమే అసలు పని. 30, 40 జోలికి పోనివాళ్లకు ఆ సీసా లేకపోయినా పెద్ద తేడా రాదని నా అభిప్రాయం.

మెట్టుగడ్డ బ్యూటీషియన్ | మహబూబ్‌నగర్

సార్, మీరు సీసాల చూస్తరు, నేను దువ్వెనల చూస్త. కలిపిన రోజు నా దువ్వెనకు తక్కువ ఎంటికలు వస్తయి. సరే, దాని మీద కొట్లాట వద్దు.

చెల్లె, నేనైతే నీకు ఇట్ల చేస్త. ముందుగాల ఆ జానెడు కత్తిరిస్త. ఏడ్వకు, నడుము నుంచి జానెడు తీసినా ఇంకా వీపు మీదనే ఉంటది. ఇప్పుడు గాదు, ఆషాఢం ఆఖరుల చేయించు. స్మూతెనింగ్ అయ్యి ఎంత టైం పోతే అంత మంచిది. నెత్తికి ఆనకుండ, పై పొర కింద నుంచి సన్న సన్న పాయలు తీసి, ఫాయిల్‌ల పెట్టి, 20 వాల్యూమ్‌తోని మాత్రమే లేపాలె. 5 దాక రాంగనే కడిగేయాలె, ఇంకో పది నిమిషాలు ఉంచితే ఇంకా లేస్తదని ఎవలన్నా వద్దను. తర్వాత నీలం టోనర్. పై పొర నల్లగనే ఉంటది కాబట్టి నడిచినప్పుడు, జుట్టు పక్కకు జరిగినప్పుడు నడుమ నడుమ మెరుస్తది. చెయ్యికి గుప్పెడు పాయలు, అంతే. రేపు ఏమన్న అయినా గుప్పెడే పోతది, తల మొత్తం పోదు.

టచప్ మాత్రం వద్దు. రెండిట్ల ఒకటే. బ్లీచ్ అయిన పాయకు థయో తగిలిందంటే అయిపోయింది, కుదుళ్లకే పెడుత అన్నా కడిగేటప్పుడు కారుతది. సాపు జుట్టే ముఖ్యమనుకుంటే కలర్ మర్చిపోయి టచప్ చేయించు. కలర్ కావాలంటే రిసెప్షన్ నాడు కుదుళ్ల ఉంగరాలను హీట్ ప్రొటెక్టెంట్ పెట్టి ఒక్కసారి ఇస్త్రీ కొట్టిద్దాం, ఆ ఒక్క పూటకు. రెండూ కావాలన్నోళ్లు నా దగ్గరికి కూడ వస్తరు, లేదంటే ఇంకో పార్లర్‌కు పోతరు. అందుకే “ఏం గాదు” అనే మాట మా లైన్ల ఎక్కువ వినబడుతది.

వనపర్తి వాసి | వనపర్తి

ఇంకొక దారి, రిసెప్షన్ ఒక్క రాత్రే అయితే తేనె రంగు క్లిప్-ఆన్ పాయలు పెట్టుకోరాదు? 8 మెట్టు రంగు, జుట్టుకు చుక్క మందు తగలదు. హైదరాబాద్ బేగంబజార్‌ల దొరుకుతయి.

జడల పెద్దమ్మ | నార్కట్‌పల్లి

ఈయన మాట మంచిగున్నది. సవరం పెట్టుకున్నట్టే గద.

పానగల్ పిల్ల | నల్లగొండ

కొసలు కత్తిరించుడు ఖాయం, టెస్ట్ చూసినంక ఇంక మనసు రాదు. టచప్ వద్దు. గుప్పెడు పాయలా, క్లిప్పులా అన్నది ఆషాఢంల చూస్త, అప్పటికి నడుమ భాగం మళ్ల ఒకసారి గుంజి చూసుకొని. పార్లరోళ్లకు ఫోన్ చేసి ఒకటే రోజు ముచ్చట వద్దన్న. “మీ ఇష్టం మేడం, గ్యారంటీ మాది” అన్నరు. దేనికి గ్యారంటీనో చెప్పలే.

అక్కా, ఒకవేళ పాయలు చేయించుకుంటే నూనె, కుంకుడుకాయ వాడొచ్చా? మా ఇంట్ల షాంపూ కంటె కుంకుడే ఎక్కువ.

మెట్టుగడ్డ బ్యూటీషియన్ | మహబూబ్‌నగర్

కలర్ రోజుకు ఒకటి రెండు రోజుల ముందు నుంచి తల కడగకు, నెత్తి మీద ఉండే జిడ్డే దానికి రక్ష. అయినంక మొదటి తలస్నానం మూడు రోజులకు, సల్ఫేట్ లేని షాంపూ, గోరువెచ్చని నీళ్లు. కుంకుడు మురికితోపాటు టోనర్‌ను కూడ గుంజుకపోతది, పెండ్లి అయ్యేదాక అది పక్కన పెట్టు. కొబ్బరినూనె తలస్నానానికి ముందు రాత్రి కొసలకు పెట్టుకో, అది లోపలికి దిగి ప్రొటీన్ పోకుండ ఆపుతది. ఆ చిక్కటి మినరల్ ఆయిల్ సీసాలు పైపైన మెరుపే. నారింజ తేలుతున్నదనిపిస్తే వారానికి ఒకసారి నీలం షాంపూ, రెండు నిమిషాలు. ఊదా షాంపూ తెచ్చుకోకు, అది పసుపు జుట్టుకు, నీ 5 మీద ఏం పని చెయ్యదు.

హాలియా హీరో | హాలియా

అక్కా, మగోళ్ల పొట్టి జుట్టుకు కూడ 20 వాల్యూమేనా? నాది స్ట్రెయిటెనింగ్ గాలే, డై గాలే.

మెట్టుగడ్డ బ్యూటీషియన్ | మహబూబ్‌నగర్

20 చాలు తమ్మీ. పొట్టి జుట్టంటే మందు నెత్తికి ఆనుతది, ఆడ ఒంటి వేడికి ఇంకా తొందరగ పనిచేస్తది. మంటెక్కితే ఓర్చుకొని కూసోకు, కడుగుమను. ఎండల మాత్రం కూసోకు.